విశాఖ తీరాన రెండు సాయంత్రాలు

ప్రతి యేడు సంక్రాంతి సెలవులకు ఎవరో ఒక చుట్టాల ఊరికి వెళ్లి రావడం మాకు అలవాటు. ఈసారి మాసూళ్లు త్వరగా ముగిసి ధాన్యం డబ్బు చేతికి అందింది. విశాఖపట్నం చూపించమని పిల్లలు చాలాకాలంగా అడుగుతున్నారు. సరే, ఈ యేడు అక్కడికే వెళ్దామనుకొన్నాము. ఎనభై యేళ్లు దాటిన నాయనమ్మ కూడా, "నన్ను ఇంట్లో కాపలా పెట్టి మీరు వెళ్తారా?" అంటూ సంచి సర్దుకొంది.

పైకి ఇది సరదా ప్రయాణమే. కాని లోపల మరొక సంగతి ఉంది. మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. పదిహేడేళ్లు నిండాయి. నౌకాదళంలో చేరాలని వాడి కోరిక. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన అగ్నిపథ్ పథకం క్రింద చేరితే ముందు నాలుగేళ్ల ఉద్యోగం. ఆ తరువాత నూటికి ఇరవై ఐదు మందికి మించి కొనసాగించరు. ఈ వివరాలన్నీ వాడే తెలుసుకొని, తల్లిదండ్రుల సమ్మతి కావాలంటూ ఒక కాగితం తెచ్చి మా ముందు పెట్టాడు. పిల్లల తల్లి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కాగితాన్ని మడిచి బీరువాలో చీరల అడుగున పెట్టి తాళం వేసింది. నెల రోజులు ఇంట్లో ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు. విశాఖ వెళ్దామన్నప్పుడు మాత్రం ఆమె, "వాడు చేరాలనుకొంటున్నది ఏమిటో నేనూ ఒకసారి కళ్లారా చూడాలి" అంది.

ప్రయాణం

ఒక సోమవారం ఉదయం ప్రార్థన చేసుకొని బయలుదేరి, ఏలూరులో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. తాడేపల్లిగూడెంలో బండి ఆగినప్పుడు పక్కన కూర్చొన్న పెద్దాయన మావాడి కోరిక విని, "అయితే ఇక్కడికి దగ్గర్లో ఉన్న మాధవరం గురించి నీకు తెలియాలి బాబూ" అన్నారు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ ఆ ఊరి మగవాళ్లు సైన్యంలో పనిచేశారట. తరువాత కూడా ఆ ఆచారం ఆగలేదు. అందుకే దానిని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. యుద్ధాలలో పాల్గొన్నవారి జ్ఞాపకార్థం ఊరిలో ఒక స్మారక కట్టడం కూడా ఉంది. అబ్బాయి ముఖం వెలిగింది. వాళ్లమ్మ కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చొంది.

మధ్యాహ్నానికి విశాఖ చేరి, మర్రిపాలెంలో ఉన్న మా పినతల్లి కుమార్తె ఇంట్లో దిగాము. భోజనాలు కాగానే పిల్లలు తొందరపెట్టారు. ఆటోలో రామకృష్ణా బీచికి వెళ్లి చూస్తే జలాంతర్గామి గేటు మూసి ఉంది. సోమవారం సెలవట. ముందుగా కనుక్కోకపోవడం మా తప్పే. అమ్మాయికి ఏడుపు ఒక్కటే తక్కువ. ముంత మసాలా కొనిపెట్టి సముదాయించి, తీరం వెంబడి నడక మొదలుపెట్టాము.

మొదటి సాయంత్రం

చూడనివారి కోసం విశాఖ తీరం గురించి కొంచెం చెప్పాలి. బీచి రోడ్డు మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే, సముద్రంలోకి మూతి చాచినట్లు ఒక పెద్ద కొండ కనిపిస్తుంది. దానినే డాల్ఫిన్ నోస్ అంటారు. ఓడలు రేవులోకి వెళ్లే సన్నని దారి ఆ కొండ ప్రక్కనే ఉంది. లోపల ఓడలకు గాలివాన నుండి రక్షణ. బయటి నుండి చూసేవారికి లోపల ఏమున్నదీ సులభంగా తెలియదు. అందుకే 1933లో ఇక్కడ ఓడరేవు ప్రారంభమైంది, 1968లో తూర్పు నౌకాదళ కేంద్రం వచ్చింది.

జలాంతర్గామికి కొద్ది దూరంలోనే, అదే రోడ్డు మీద, 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. దానిని సముద్ర విజయ స్మారకం అనవచ్చు. ప్రతి డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, అధికారులు ఇక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచి వందనం చేస్తారు. 1971లో అదే తేదీన మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేశాయి. ఆ రోజునే నౌకాదళ దినంగా పాటిస్తున్నారు.

మా అబ్బాయి చదువుకొన్నదంతా అక్కడే అప్పగించాడు. కరాచీ సంగతి చెప్పాడు, విక్రాంత్ సంగతి చెప్పాడు. "నాన్నా, ఇదిగో ఇక్కడే, ఈ నీళ్లలోనే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది" అని సముద్రం వైపు చేయి చూపించాడు. స్మారకం ముందు నిటారుగా నిలబడి ఫోటో తీయించుకొన్నాడు. మాకు కూడా గర్వంగానే ఉంది. పొద్దు గ్రుంకింది. తిరునాళ్లలా జనం. ఐస్‌క్రీము బండ్లు, గాలిపటాలు, బుడగలు. అది ఒక సంతోషకరమైన సాయంత్రం. నాయనమ్మ మాత్రం సిమెంటు గట్టు మీద కూర్చొని, "అందులో ఎంతమంది ఉన్నార్రా?" అని అడిగింది. "తొంభై ముగ్గురు నాయనమ్మా" అన్నాడు వాడు. ఆమె మరేమీ అనలేదు.

ఈస్టరు మరునాడు

మంగళవారం ఉదయం బీచి రోడ్డులోనే ఉన్న విశాఖ మ్యూజియంకు వెళ్లాము. పాత డచ్చివారి బంగళాలో 1991లో ప్రారంభించిన ప్రదర్శనశాల ఇది. రాజుల కాలపు వస్తువులు, ఆయుధాలు, ఓడల నమూనాలు ఉన్నాయి. కాని మమ్మల్ని నిలబెట్టేసింది రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను వారు ఈ పట్టణం మీద వేసిన బాంబు.

మన తెలుగు నేల మీద ఆ యుద్ధం కాలు పెట్టిందని ఈనాటి పిల్లలలో చాలామందికి తెలియదు. 1942 ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారం. ఆ ఉదయమే జపాను విమానాలు సింహళంలోని కొలంబో మీద దాడి చేశాయి. మరునాడు, ఏప్రిల్ 6 సోమవారం, బంగాళాఖాతంలో తిరుగుతున్న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జపాను సైన్యం దిగబోతున్నదని పుకారు పుట్టి, జనం పిల్లాజెల్లలతో పట్టణాలు విడిచి పల్లెలకు పోయారు.

నాయనమ్మ పుట్టిల్లు కాకినాడ. ఆమె పుట్టింది 1944లో. కాని ఆ రోజు కథను తల్లి నోట ఎన్నిసార్లు విన్నదో! ఆ బాంబును చూస్తూ పిల్లలకు చెప్పింది: "ముందురోజు ఈస్టరు. మా అమ్మ కొత్త చీర కట్టుకొని గుడికి వెళ్లొచ్చింది. తెల్లారి వంట చేస్తుంటే పిడుగు పడ్డట్టు చప్పుడు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి, చంకలో మా పెద్దన్నయ్యను వేసుకొని, రెండెడ్ల బండి మీద సామర్లకోట దారి పట్టారట. నాలుగు రోజులైనా ఆ కొత్త చీర విప్పలేదు, వేరే బట్ట లేక. ఆ తరువాత ఈస్టరు వచ్చినప్పుడల్లా మా అమ్మ ఆకాశం వైపు చూసేది."

అమ్మాయి ఆ బాంబు వైపు, నాయనమ్మ వైపు మార్చి మార్చి చూసింది. "మన ముత్తమ్మమ్మకు ఇది తగిలి ఉంటే మనం ఎవ్వరం లేం కదా!" అంది. ఎనిమిదో తరగతి పిల్ల లెక్క అది. కాదనడానికి మాకు మాట దొరకలేదు.

కుర్సురా లోపల

మధ్యాహ్నం జలాంతర్గామి తెరిచారు. దీని పేరు కుర్సురా. సోవియట్ దేశంలో తయారై, 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 యేళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకొంది. అప్పటికి అది తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 1,36,000 కిలోమీటర్లు. భూగోళాన్ని మూడుసార్లకు పైగా చుట్టి వచ్చినట్లు. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. తరువాత దీనిని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి, పునాది మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా ప్రారంభించారు.

బయటి నుండి చూస్తే నల్లని పెద్ద చేప. పొడవు 91 మీటర్లు, వెడల్పు మాత్రం ఏడున్నర మీటర్లు. "యోనాను మింగిన చేప ఇంత ఉంటుందా నాన్నా?" అంది అమ్మాయి. నాయనమ్మను క్రింద నీడలో కూర్చోబెట్టి మేము నలుగురం మెట్లెక్కాము.

లోపల చూపించేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. మాకు దొరికిన పెద్దాయన భీమిలి వైపు మనిషి, జలాంతర్గాములలోనే చాలాకాలం గడిపినవాడు. ఆయన ప్రతి చక్రాన్ని, ప్రతి గొట్టాన్ని తన ఇంటి సామాను చూపించినట్లు చూపించాడు. ముందు భాగంలో టార్పెడోలు వదిలే గొట్టాలు ఆరు, వెనుక నాలుగు. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. నీటిపైన ఉన్నప్పుడు డీజిలు ఇంజన్లు నడుస్తాయి, బ్యాటరీలు నింపుకొంటాయి. నీటి అడుగున ఇంజన్లకు గాలి ఉండదు గనుక, ఆ బ్యాటరీల కరెంటు మీదనే చప్పుడు లేకుండా నడుస్తుంది. అవి అయిపోయే లోపల మళ్లీ పైకి రావాలి, లేదా గాలి గొట్టమైనా నీటి పైకి ఎత్తాలి. శత్రువుకు దొరికే ప్రమాదం అప్పుడే ఎక్కువట.

ఇందులో 75 మంది ఉండేవారు. మన ఊళ్లో ఒక పెళ్లివారి బస్సులో కూడా అంత ఇరుకు ఉండదు. టార్పెడోల ప్రక్కనే పడకలు. ఒకడు కాపలాకు లేస్తే ఆ పడకలో మరొకడు పడుకొనేవాడు. మంచినీరు తాగడానికి, వంటకే. స్నానం మాట మరిచిపోవలసిందే. ఇంజను గదిలో ఉక్క. బయట పగలో రాత్రో తెలియదు. రాత్రి అయిందని తెలియడానికి లోపల ఎర్ర దీపాలు వేసేవారు. వంటగది చూసి పిల్లల తల్లి ఆగిపోయింది. మా ఇంట్లో బియ్యం పెట్టుకొనే మూలకంటె పెద్దది కాదు. "ఇందులో డెబ్బై ఐదుగురికి వండేవారా?" అంది. "మూడు పూటలా, తల్లీ" అన్నాడాయన నవ్వుతూ.

ఒక గది నుండి మరొక గదికి వెళ్లాలంటే గుండ్రని ఇనుప ద్వారంలో కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. అలాంటి ద్వారం ఒకదాని దగ్గర ఆయన ఆగి మా అబ్బాయి భుజం మీద చేయి వేశాడు.

"బాబూ, ఒక గదిలోకి నీళ్లొచ్చాయనుకో, ఈ తలుపు మూసేస్తాం. అవతల ఎవరున్నా మూసెయ్యాలి. నీ స్నేహితుడున్నా సరే. మూయకపోతే అందరం పోతాం. అవతలున్నోడికీ అది తెలుసు. ఆడే ముందు మూస్తాడు."

మావాడు ఆ ఇనుప తలుపు మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాడు. నిన్న సాయంత్రం ఫోటో తీయించుకొన్న పిల్లవాడు కాదు వాడు.

అప్పుడు పిల్లల తల్లి అడిగింది: "భయం వేసేది కాదా అన్నయ్యగారూ?"

"భయం లేకుండా ఎలాగుంటాదమ్మా! భయమున్నోడే చక్రం సరిగ్గా తిప్పుతాడు. ఒక్కడు పొరపాటు చేస్తే డెబ్బై ఐదుగురమూ పోతాం కదా."

"మరి మీ అమ్మగారు ఎలా పంపించారు?"

ఆయన కొంచెం ఆగాడు. "మా అయ్య తెప్ప మీద వేటకెళ్లేవాడమ్మా. సముద్రం మా అమ్మకి కొత్త కాదు. అయినా నన్ను పంపేటప్పుడు ఒక మాటంది. మీ అయ్య ఎల్తే వచ్చాడో రాలేదో సాయంత్రానికి తెలిసిపోద్ది. నువ్వెల్తే ఎప్పటికి తెలుస్తాదిరా, అంది. అంతే. ఏడవలేదు. ఎల్లమనే అంది."

ఆ ఇరుకు దారిలో వెనుక నుండి జనం తోసుకొంటున్నారు. మేము ముందుకు నడిచాము.

బయటికి వచ్చి రోడ్డు దాటితే టీయూ-142 విమానం. ఇది కూడా సోవియట్ దేశం నుండి వచ్చినదే. 1988లో నౌకాదళంలో చేరి, 2017 మార్చి 29న విరమించింది. అదే సంవత్సరం డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రజలకు ప్రారంభించారు. రెక్కల కొన నుండి కొన వరకు 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ప్రతి ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు పంకాలు, ఒకటి ఇటు తిరిగితే రెండవది అటు తిరుగుతుంది. సముద్రం మీద వేల కిలోమీటర్లు తిరిగి జలాంతర్గాములను వెదకడం దీని పని. అంటే రోడ్డుకు ఆ ప్రక్కన దాగేది, ఈ ప్రక్కన వెదికేది. రెండూ ఇప్పుడు కదలకుండా ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. పిల్లలు వాటి మధ్య రోడ్డు మీద అటూ ఇటూ పరుగెడుతున్నారు.

రెండవ సాయంత్రం

చీకటి పడేవేళకు మళ్లీ ఆ స్మారకం దగ్గరికే వచ్చి కూర్చొన్నాము. డాల్ఫిన్ నోస్ మీద దీపస్తంభం వెలుగు తిరుగుతోంది. "నిన్న చెప్పావే, ఆ ఘాజీ కథ మొత్తం చెప్పరా" అని నాయనమ్మే అడిగింది. వాడు చెప్పిన కథను, తరువాత మేము చదివి సరిచూసుకొన్న వివరాలతో కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఘాజీ మొదట అమెరికా వారిది. 1944లో నీటిలోకి దిగింది. అప్పుడు దాని పేరు డయాబ్లో. 1964లో పాకిస్తానుకు వచ్చింది. 1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరి, శ్రీలంక చుట్టూ తిరిగి మన వైపు వచ్చింది. అది వెదుకుతున్నది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను. ఆనాడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను అండమాను దీవులలో దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నదని శత్రువు నమ్మేలా ఉపాయం పన్నారు. పెద్ద ఓడకు సరిపోయేంత సరుకులు విశాఖలో ఆర్డరు చేయించారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను పంపి, విక్రాంత్ మాట్లాడుతున్నట్లు వైర్‌లెస్ సందేశాలు ఇప్పించారు. విక్రాంత్‌లో పనిచేసే ఒక నావికుడు, జబ్బుపడిన తన తల్లి ఎలా ఉన్నదో తెలుపమని అడుగుతున్నట్లు ఒక తంతి కూడా పంపించారట.

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటి వస్తుండగా నీటిలో అలజడి కనిపించి, జలాంతర్గాములను పేల్చే బాంబులు రెండు వదిలింది. కొద్దిసేపటికి పెద్ద ప్రేలుడు వినిపించింది. తెల్లవారాక మత్స్యకారులకు నీటిపై తేలుతున్న వస్తువులు దొరికాయి. ఘాజీ మునిగిపోయింది. మన బాంబుల వలననే అని మనవారంటారు. తానే అమర్చిన మందుపాతర గాని, లోపలి ప్రేలుడు గాని కారణమని పాకిస్తాను వారంటారు. కారణం ఏదైనా, అందులోని 93 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆ ఓడ ఈనాటికీ విశాఖకు ఎదురుగా సముద్రం అడుగునే ఉంది. 2024లో మన నౌకాదళం అడుగుకు దిగే ఆధునిక యంత్రంతో దానిని మళ్లీ గుర్తించినట్లు, చనిపోయినవారి పట్ల గౌరవంతో దానిని ముట్టుకోకుండా వదిలినట్లు పత్రికలు వ్రాశాయి.

మన వైపు కూడా నష్టం లేకపోలేదు. ఆ డిసెంబరు 9వ తేదీ రాత్రి గుజరాతు దగ్గర డయ్యూ తీరానికి ఆవల మన ఖుక్రీ అనే యుద్ధనౌకను పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. తమవారిని తప్పించుకొమ్మని పంపి, తాను ఓడతోపాటే వెళ్లిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. డయ్యూలో వారి స్మారకం ఉంది.

కథ ముగిసింది. నాయనమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఆ తంతి పంపినవాడి తల్లికి నిజంగా జబ్బు చేసిందా?"

"లేదు నాయనమ్మా, అది ఉత్త ఉపాయం."

"ఎంత తెలివిగలవాళ్లురా! తల్లి జబ్బంటే ఎవడైనా నమ్ముతాడు. శత్రువైనా నమ్ముతాడు" అంది.

తరువాత ఆమె మేమెన్నడూ వినని సంగతి చెప్పింది. ఆమె తమ్ముడు 1971లో సైన్యంలో ఉండేవాడు. తూర్పు వైపు పంపారని తప్ప ఎక్కడ ఉన్నదీ తెలియదు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ముగిసింది. రేడియోలో గెలిచామన్నారు, ఊరంతా టపాకాయలు కాల్చారు. కాని తమ్ముడి దగ్గర నుండి ఉత్తరం రాలేదు. "ఆ యేడు క్రిస్మస్‌కు మా ఇంట్లో అరిసెలు వండలేదు. గుడికి వెళ్లాం, వచ్చాం. పోస్టుమాను సైకిలు గంట వినపడితే మా అమ్మ వీధిలోకి రాదు, లోపలికి పోయేది. జనవరి రెండో వారంలో ఇన్‌లాండు లెటరు వచ్చింది. నేను క్షేమం అని మొదటి ముక్క. ఆ తరువాత ఏం రాశాడో చదివినవాళ్లం ఎవ్వరం లేము, అందరం ఏడుస్తున్నాం."

కాసేపు అలల చప్పుడే వినిపించింది.

"నిన్నటి నుంచీ ఒకటే ఆలోచన" అంది నాయనమ్మ. "ఈ తొంభై ముగ్గురికీ తల్లులుంటారు, అక్కలుంటారు. వాళ్లూ ఉత్తరం కోసం చూసుంటారు కదా. వాళ్లకు రాలేదు."

"వాళ్లు మనల్ని చంపడానికి వచ్చినవాళ్లు నాయనమ్మా" అన్నాడు మావాడు మెల్లగా.

"కాదన్నానా? గెలవకపోతే మన ఊళ్లు ఏమయ్యేవో, మా అమ్మ చెప్పగా విన్నదాన్ని, నాకు తెలియదా? మన రేవును కాచినవాళ్లకు దణ్ణం పెట్టాలి. పెడతాను. కాని సౌలు దావీదును చంపాలని కొండలవెంట తరిమాడా లేదా? ఆ సౌలు చచ్చాడని తెలిస్తే దావీదు పండుగ చేసుకొన్నాడా? బట్టలు చింపుకొని ఏడ్చాడు. గెలిచినవాడికే ఏడ్చే ధైర్యం ఉండాలిరా."

ఆమె లేచి, మనవడి చేయి పట్టుకొని స్మారకం వైపు తిరిగి నమస్కరించింది. తరువాత సముద్రం వైపు తిరిగి మళ్లీ నమస్కరించింది. మేమంతా అలాగే చేశాము. చుట్టూ బుడగలమ్మేవారు, పిల్లలు, సందడి. మమ్మల్ని ఎవ్వరూ గమనించలేదు.

ఇంటికి వచ్చాక

దేవుని కృపవలన క్షేమంగా ఇల్లు చేరాము. వచ్చిన వారం రోజులకు, రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత, పిల్లల తల్లి బీరువా తీసి ఆ కాగితం తెచ్చింది. మేము ఇద్దరం అప్పటికే చాలాసేపు మాట్లాడుకొన్నాము. భయం తగ్గిందా అంటే లేదు. నిజం చెప్పాలంటే, ఆ గుండ్రని తలుపు చూసిన తరువాత పెరిగింది. కాని వాడు కూడా ఆ తలుపును చూశాడు. చూసి కూడా వెళ్తానన్నాడు. "సరదాగా అనడం లేదమ్మా, తెలిసే అంటున్నాను" అన్నాడు. తెలియక అడిగినవాడికి వద్దని చెప్పడం తేలిక. తెలిసి అడిగినవాడికి ఏమని చెప్పగలం?

ఆమె రెండు షరతులు పెట్టింది. మొదటిది, ముందు ఇంటరు పరీక్షలు బాగా వ్రాయాలి. నాలుగేళ్ల తరువాత బయటికి వచ్చినా బ్రతకడానికి చదువు ఉండాలి. రెండవది, ఎక్కడ ఉన్నా వీలున్నప్పుడల్లా ఫోను చేసినా సరే, నెలకొకసారి మాత్రం చేతితో వ్రాసిన ఉత్తరం రావాలి. "ఇప్పుడు ఎవరు రాస్తారమ్మా ఉత్తరాలు?" అన్నాడు వాడు. "నాయనమ్మకు రాయి" అంది. సంతకం చేసేటప్పుడు ఆమె చేయి వణికింది. వాడు ఎంపిక అవుతాడో లేదో, అది ఇంకా ముందున్న మాట.

ఆ రాత్రి నుండి మా ప్రార్థనలో ఒక మాట కొత్తగా చేరింది. సరిహద్దులలో, సముద్రాలలో కాపలా ఉన్న మన పిల్లల కొరకు ఎప్పుడూ ప్రార్థించేవారమే. ఇప్పుడు ఉత్తరం రాని ఇళ్ల కొరకు కూడా అడుగుతున్నాము. అవి ఏ దేశపు ఇళ్లని పేర్కొనడం లేదు.

పాఠకులలో పిల్లలున్నవారు ఎప్పుడైనా విశాఖ వెళ్తే వీటిని తప్పక చూపించండి. సోమవారం జలాంతర్గామి, విమానం రెండూ మూసి ఉంటాయి. మామూలు రోజులలో మధ్యాహ్నం నుండే తెరుస్తారు గనుక ముందుగా కనుక్కొని వెళ్లండి. జలాంతర్గామి లోపల దారి ఇరుకు, ద్వారాలు చిన్నవి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను బలవంతపెట్టవద్దు. లోపల చూపించే పెద్దలతో తొందరపడకుండా మాట్లాడండి. గోడ మీద వ్రాయని సంగతులు వారి దగ్గర ఎన్నో ఉన్నాయి. చూడడం అయ్యాక వెంటనే బండి ఎక్కకుండా, చీకటి పడేదాకా కాసేపు ఆ గట్టు మీద కూర్చోండి. ఇంట్లో పెద్దవారు ఉంటే వారిని కూడా వెంట తీసుకొని వెళ్లండి.